తోలు కట్టిన గంటలు

చర్చి గోపురంలో గంటలు మొదటి వరస తిరగగానే హెస్టర్ పాస్క్ గుండె జారిపోయింది. తాడు మొదటిసారి లాగితే ఖంగుమన్న గంట, రెండోసారి లాగితే దుప్పటి కప్పుకున్నట్టు 'దుమ్' అంది. అది చావు మోత! బయట పచ్చికలో ఊరి సంత మొదలయ్యే ఘడియ అది.

గురువారం ఒకరి అంత్యక్రియలకని గంటల నాలుకలకు ఒక పక్కన తోలు ముక్కలు కట్టారు. మోగించడం అయ్యాక గంటల మూతులు కిందికి దించి, పైకెక్కి తోలు విప్పాలి. "శనివారం సంతకు మళ్ళీ ఎత్తాలిగా, ఇంత బరువు ఎవరు ఎత్తుతారు? మూతులు పైకి పెట్టి అలాగే ఉంచేద్దాం" అన్నది హెస్టరే. మూతి పైకున్న గంట చెయ్యి తగిలితే చాలు తిరగబడుతుంది, దగ్గరికి వెళ్తే ప్రాణానికి ముప్పు. అందుకే ఎవరూ పైకెక్కలేదు. తోలు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

గంటలు ఎత్తిపెట్టి ఇంటికి పోకూడదని ఆంబ్రోజ్ టకెట్ చెవినిల్లు కట్టుకుని పోరేవాడు. జుట్టు నెరిసేదాకా ఆ గోపురాన్ని ఏలిన మనిషి. గుండె మొరాయించడంతో ఈ వసంతంలోనే తాళంచెవి హెస్టర్‌కు అప్పగించాడు. అప్పగించాడే గాని, ఆమె మోగించింది బాగుందని ఒక్కసారీ అనలేదు. ఆ ఒక్క మాట కోసం వేసవంతా జట్టు చేత సాధన చేయించింది, పిచ్చిది.

"ఆపేద్దామా?" పక్క తాడు లాగుతూ గిల్బర్ట్ అడిగాడు.

"వద్దు, లాగండి! పరువు ఎలాగూ పోయింది. వరసైనా పోనివ్వకండి."

వరస పోలేదు. ఆఖరిదాకా మోగించి, మెట్లు దిగి బయటికొస్తే సంత సంతలా లేదు. కాళ్ళకు మువ్వలు కట్టుకున్న మోరిస్ నాట్యం చేసేవాళ్ళు టోపీలు తీసి నిలబడ్డారు. బీరు డేరాలో ఒక్కరూ గుటక వెయ్యడం లేదు. మర్యాద తెలియని గొర్రెలు మాత్రం అరుస్తున్నాయి.

కేకుల బల్ల దగ్గర క్వీనీ ఫర్జ్ కళ్ళొత్తుకుంటోంది. "మన ఆంబ్రోజ్ పోయాడు తల్లీ. నా కేకు రాయిలా ఉందని నిన్ననేగా తిట్టాడు!"

"ఎవరన్నారు?"

"గంటలే చెప్పాయిగా! ఊళ్ళో గుండె జబ్బు మనిషి ఇంకెవరున్నారు?"

హెస్టర్ నోరు తెరిచేలోగా, మైకు పట్టుకున్నాయన గొంతు సవరించుకుని ఆంబ్రోజ్ కోసం మౌనం పాటించమన్నాడు. అందరూ తలలు వంచారు. అప్పుడే కూరగాయల డేరా పరదా తోసుకుని, చేతికర్రతో, ఆంబ్రోజే బయటికొచ్చాడు. ఉల్లిపాయల పోటీకి ఆయనే న్యాయనిర్ణేత.

"ఏంటి, అందరూ మూగనోము పట్టారు? ఎవరు పోయారు?"

"నువ్వే!" అంది క్వీనీ.

"అలాగా? నాకెవరూ చెప్పలేదే."

పచ్చికంతా గొల్లున నవ్వింది. క్వీనీ ఏడుస్తూనే ఆయన్ని తిట్టి, ఒక కేకు మొత్తం చేతిలో పెట్టింది. మువ్వలు మళ్ళీ మోగాయి. ఆంబ్రోజ్ మాత్రం నేరుగా హెస్టర్ దగ్గరికి వచ్చాడు.

"గంటలు ఎత్తి వదిలేసిందెవరు?"

"నేనే. తప్పయిపోయింది."

"తప్పే. ఇంకోసారి చేశావంటే తాళంచెవి లాక్కుంటా."

అంతే, వెళ్ళిపోయాడు. హెస్టర్‌కు ఆ రోజు బీరు కూడా చేదనిపించింది.

ఆదివారం పొద్దున జట్టంతా గంటలు దించి, తోలు విప్పి, మళ్ళీ ఎత్తి ప్రార్థనకు మోగించారు. తాడు ఎన్నిసార్లు లాగినా ఖంగుమని ఊరంతా పలికింది. హెస్టర్ తోలు ముక్కల పెట్టె పట్టుకుని కిందికొస్తే, చర్చి బయట బల్ల మీద ఆంబ్రోజ్ కేకు తింటూ కనిపించాడు.

"గట్టిగానే ఉంది," అన్నాడు. తర్వాత పెట్టె వైపు చూశాడు. "నిన్న ఉల్లిపాయలు పక్కన పెట్టి మొత్తం విన్నాను. తోలు కట్టిన మోతలో తప్పు దాగదు. ఒక్క దెబ్బ కూడా గతి తప్పలేదు."

హెస్టర్ పెట్టె కింద పెట్టింది.

"ఆ తోలుకు నూనె రాసి దగ్గర పెట్టుకో. నా వంతు వచ్చినప్పుడు నువ్వే కట్టాలి. ఇంకొకళ్ళని కట్టనివ్వకు."

"ఇప్పుడే కుదరదు," అంది హెస్టర్, కళ్ళు తుడుచుకుంటూ. "వచ్చే ఏడు ఉల్లిపాయలెవరు చూస్తారు?"

ఆయన పక్కకు జరిగి చోటిచ్చి, కేకులో ఒక ముక్క విరిచి ఆమెకిచ్చాడు.