బాలమణి ఉన్న గోడ

వసంతకుమారి ఏటా అక్టోబరులో తన ఎనిమిదో తరగతి పిల్లల్ని అమెరికాలోని జెర్సీ సిటీ వీధులమ్మట నడిపించి గోడల మీద బొమ్మలు చూపించేది. సోషల్ స్టడీస్ పుస్తకంలో న్యాయం గురించిన పాఠం వాళ్లకి నిద్ర తెప్పిస్తోందని ఆవిడ పెట్టుకున్న పద్ధతి అది. ఒక గోడ మీద అద్దెవాళ్లని వెళ్లగొట్టడానికి తగలబెట్టిన ఇల్లు, మరో గోడ మీద రేవు కూలీల సమ్మె. ఎవరు వేశారు, చూసి ఎవరికి కోపమొచ్చింది అని అడిగేది. గోడకి ఎవరిల్లు దగ్గరైతే వాళ్లు ముందు మాట్లాడాలి. టీచరు మాట్లాడేది ఆఖర్న. భర్త రత్నరాజు దానికి బూట్లరిగే చదువని పేరు పెట్టాడు.

1987లో ఆ వరసలోకి కొత్త గోడ చేరింది. ఇండియన్ కొట్లున్న వీధిలో, చీరల షాపు పక్కగోడ. షాపులో జాకెట్లు కుట్టే బాలమణిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక పోర్టోరికన్ చిత్రకారిణి ఆమెని మిషన్‌తో సహా నిలువెత్తున వేసింది. నెల తిరక్కుండానే ఎవరో వచ్చి ఆ బొమ్మ నుదుటి మీది ఎర్రబొట్టుని నల్లరంగుతో అడ్డంగా కొట్టేసిపోయారు. ఇండియావాళ్లు ఊరొదిలి పోవాలని కొందరు కుర్రాళ్లు గుంపుకట్టి, బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లని వీధిలో ఆపి తిడుతున్న రోజులవి. మగవాళ్ల మీద చేయి చేసుకోవడం కూడా మొదలైంది. షాపు యజమాని భయపడి గోడ జోలికి పోలేదు.

బాలమణి కూతురు మీనాక్షి వసంతకుమారి క్లాసులోనే చదువుతోంది. వాళ్లుండేది ఆ షాపు పైనే. ఆదివారం చర్చి నుంచి వసంతకుమారి వాళ్లు ఇంటికొచ్చేసరికి బాలమణి గుమ్మం ముందు నిలబడి ఉంది. లోపలికొచ్చింది గానీ కాఫీ వద్దంది.

"గా గోడ కాడికి పిల్లల్ని తేకుండ్రి మేడమ్. తెస్తే మా పిల్లను మీ క్లాసు మాన్పిస్త. అది దాని తల్లి బొమ్మని తెలిస్తే రేపు బస్ స్టాప్ కాడ దాన్నే పట్టుకుంటరు."

చూపించకుండా వదిలేస్తే ఆ కొట్టేసినవాళ్ల మాటే నెగ్గుతుందని వసంతకుమారి నెమ్మదిగా చెప్పబోయింది.

"మీకేం, ఎన్నన్న చెప్తరు. మీ నొసట బొట్టు లేదు. మిమ్మల్ని చూసి ఇండియా మనిషని ఎవలనుకుంటరు?"

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. నరసాపురం బడిలో తోటి పిల్లలు బోసి మొహమని ఆమెని ఏడిపించేవాళ్లు. ఆ మొహమే ఇక్కడ అక్కరకొస్తోంది. స్కర్టునీ బొట్టులేని నుదుటినీ చూసి స్కూల్లో పిల్లలు ఆవిడది వెస్టిండీస్ వైపు ట్రినిడాడో గయానానో అనుకున్నారు. కాదని చెప్పాల్సిన అవసరం ఆవిడకి ఇన్నేళ్లూ కనబడలేదు.

మీనాక్షి చేత మాట్లాడించననీ, అది ఎవరి బొమ్మో తన నోటితో చెప్పననీ మాటిచ్చింది. గోడని మాత్రం మాననంది. బాలమణి లేచి వెళ్లిపోయింది.

శుక్రవారం పిల్లలు ఆ గోడ ముందు నిలబడ్డారు. మీనాక్షి ఇల్లు ఇక్కడేగా, తనే ముందు, అంది ఒకమ్మాయి. మీనాక్షి తల వంచుకుంది. స్కూలుకొచ్చే దారిలో తీసేసిన బొట్టుబిళ్ల జిగురు నుదుటి మీద ఇంకా మెరుస్తోంది.

"ఇవాళ నేను ముందు," అంది వసంతకుమారి. రూలు పెట్టింది మీరే కదా అని పిల్లలు గోల చేశారు. గోల తగ్గేదాకా ఆగింది.

"నేను ట్రినిడాడ్ నుంచి రాలేదు. నాది ఇండియా. మా చర్చివాళ్లం బొట్టు పెట్టుకోం. పెట్టుకోలేదని అక్కడ చిన్నప్పుడు నన్ను వెక్కిరించారు. ఇక్కడ పెట్టుకున్నవాళ్లని తిడుతున్నారు, వాళ్ల మగవాళ్లని కొడుతున్నారు. మొన్నటిదాకా ఇది నా గొడవ కాదనుకుని ఈ గోడ పక్కనుంచే కూరలు కొనుక్కుని వెళ్లాను."

మీనాక్షి ఇంగ్లీషులో, బూట్ల వైపే చూస్తూ చెప్పింది. "ఆమె మా అమ్మ." పిల్లలంతా ఒక్కసారి మీనాక్షి వైపు తిరిగారు.

మేడ మెట్ల తలుపు తెరుచుకుంది. కిటికీలోంచి చూస్తున్నట్టుంది, బాలమణి గబగబా దిగొచ్చి కూతురి చెయ్యి పట్టుకుంది. "మాటిచ్చి తప్పితిరి కద మేడమ్."

"టీచర్ చెప్పలే మమ్మీ," అంది మీనాక్షి. "నేనే చెప్పిన."

బాలమణి పిల్లని రెండడుగులు లాక్కెళ్లింది. ఇందాకటి అమ్మాయి అడ్డమొచ్చి, ఆ బొమ్మ మీదేనా అని మర్యాదగా అడిగింది. బాలమణి ఆగి, వసంతకుమారిని చూసి, తర్వాత గోడని చూసింది. రంగు కొట్టేసిన రోజు నుంచి ఆమె అటు తలెత్తి చూసింది లేదు.

"నేనే," అంది తనకొచ్చిన ఇంగ్లీషులో. "ముక్కు మాత్రం నాది కాదు. చాలా లావు వేసింది."

పిల్లలు గోడ మీది ముక్కునీ ఆమె ముక్కునీ మార్చి మార్చి చూశారు. బాలమణి కూతురి చెయ్యి వదిలేసి గోడ దగ్గరికి నడిచింది. ఎక్కడ లావైందో వేలితో చూపించడం మొదలుపెట్టింది.