షాపు స్కేలు

“నువ్వే తప్పు కొలిసినావు గుంటా,” అన్నారు మావయ్య మూడోసారి.

“సందు నలభై ఎనిమిది అంగుళాలే తాతా. రెండుసార్లు కొలిచాను. అవతలి చివర తమ్ముడు పట్టుకున్నాడు,” అంది మా అమ్మాయి కుసుమ.

“ఆడు టేపు పట్టుకున్నాడో, బిస్కట్టు పట్టుకున్నాడో.”

సుమంత్ నోట్లో నిజంగానే బిస్కట్టు ఉంది.

కిటికీ పక్క గోడకీ, గోడ బీరువాకీ మధ్య పిల్లల చదువు బల్ల ఏటవాలుగా ఇరుక్కుని ఉంది. ఒక చివర లోపలికి వెళ్లింది. రెండో చివర అంగుళం మేర బయటే ఆగిపోయింది. తాతా మనవలూ నెల రోజులు కూర్చుని చేసిన బల్ల అది. కాళ్లు దిగడానికి రెండు చివర్లా గాడులు తీసేశారు, ఇంక పైపలకను కోసి తగ్గించడానికి లేదు.

ఆ పూట నాకెక్కడా కుదురు లేదు. బాల్కనీలో ఆరేసిన బట్టల మీద చెక్కపొట్టు, దాని మీద గాజువాక దుమ్ము. తుడిచిన చోటే మళ్లీ తుడుస్తున్నాను, పప్పు దింపాక కూడా పొయ్యి దగ్గరికే వెళ్తున్నాను. మావయ్య కంట్లో ప్రెషర్ పెరిగిందని, పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు చెప్పినప్పటినుంచీ, రంపం ఉలి ఇంట్లో ఉండకూడదని మా ఆయన వీరేంద్ర పట్టు. చివరికి తండ్రీ కొడుకులు ఒక మాట అనుకున్నారు. ఈ బల్ల కుదిరితే పనిముట్ల పెట్టె ఇంట్లో ఉంటుంది. కుదరకపోతే పాత ఊళ్లో వడ్రంగం చేసే అయూబ్ భాయ్‌కి ఇచ్చేస్తారు. వీరేంద్ర పొద్దుటి ఏ-షిఫ్టు దిగి మూడింటికి వస్తాడు.

రెండింటికి పిల్లల గదిలోకి వెళ్లాను. కుసుమ మంచం మీద టేపు, తాత స్టీలు స్కేలు పక్కపక్కన పెట్టి చూస్తోంది. నన్ను చూసి స్కేలు దుప్పటి కిందికి తోసింది.

“ఏటే అది?”

“ఏం లేదమ్మా.”

దుప్పటి తీశాను. స్కేలు మీద ఇరవై నాలుగు దగ్గర టేపు ఇరవై నాలుగున్నర చూపిస్తోంది.

మావయ్య ముప్పై ఏళ్లు ఫౌండ్రీలో పోతపనికి చెక్క నమూనాలు చేశారు. కరిగిన ఉక్కు చల్లారాక కుంచించుకుపోతుంది కాబట్టి నమూనా ముందే కాస్త పెద్దది చెయ్యాలి. ఆ పెంపు వాళ్ల నమూనాల షాపులో వాడే ‘షాపు స్కేలు’లోనే ఉంటుంది, దాని అంగుళమే కొంచెం పొడుగు. మావయ్య పెట్టెలో అదీ ఉంది, మామూలు స్కేలూ ఉంది. చూడ్డానికి రెండూ ఒకటే. చివర చెక్కిన సన్నటి అక్షరాలే తేడా. ఆ రెండడుగుల స్కేలు పలక మీద రెండుసార్లు పెడితే అంగుళం పెరిగింది.

“తాతకి అక్షరాలు కనపడలేదు,” అంది కుసుమ గొంతు తగ్గించి. “నాన్నకి చెప్పకమ్మా. నేనే తప్పు కొలిచానంటాను.”

“పొద్దున్నించీ నిన్నే తిడుతున్నారు కదే.”

“తిట్టనీ. పెట్టె పోతే తాత ఏం చేస్తారు? టీవీ కూడా సరిగ్గా కనపడదు.”

వెనక్కి తిరిగాను. గుమ్మంలో మావయ్య ఉన్నారు. లోపలికొచ్చి చెయ్యి చాపారు. కుసుమ స్కేలు ఇచ్చింది. దాని చివర బొటనవేలి గోటితో చాలాసేపు తడిమి, అక్కడే మంచం మీద పెట్టేసి వెళ్లిపోయారు.

వీరేంద్ర వచ్చి, బూట్లయినా విప్పకుండా బల్ల చూశాడు.

“ఏటి, పట్టలేదా?”

“నేనే తప్పు కొలిచాను నాన్నా,” అంది కుసుమ.

“ఎవరు కొలిసినా ఒకటే. అనుకున్న మాట అనుకున్నట్టే,” అని స్నానానికి వెళ్లాడు.

ఆదివారం ఎంత ఆలస్యమైనా మేం కలిసే తింటాం. నేను వడ్డించాను. సుమంత్ అక్కనీ, తాతనీ మార్చి మార్చి చూస్తున్నాడు. మావయ్య అన్నం కలిపి, తినకుండా ఊరుకున్నారు.

“తప్పు గుంటది కాదు. దాన్ని ఊరికే తిట్టీసినాను,” అన్నారు కంచంలోకి చూస్తూ. “అది సరిగ్గానే కొలిసింది. నానే షాపు స్కేలు పెట్టి గీసినాను. అచ్చరాలు కంటికి ఆనలేదు.”

వీరేంద్ర ఏదో అనబోయాడు. మావయ్య ఎడమ చెయ్యి కాస్త ఎత్తారు.

“ఉండరా. రంపం ఉలి నానింక ముట్టను. పెట్టె అయూబ్‌కి ఇవ్వకు, కుసుమకి ఇచ్చీసినాను. ఇంకో పలక తే. అదే కొలుత్తాది, అదే గీత్తాది, అదే కోత్తాది. నాను పక్కన కూకొని సెప్తాను.”