బెంగక్క పంపని మెసేజీ

బట్టల షాపులో వెనకవైపు, వాపసు కౌంటరు పక్కన, కుట్టుమిషను ముందు కూర్చునే ఆవిడను అందరూ బెంగక్క అంటారు. వాన మొదలైతే కిటికీ వేశానో లేదోనని, వాన ఆగితే ఇంకేం ముంచుకొస్తుందోనని గుండె పట్టుకునే మనిషి మరి. ఈసారి మాత్రం గట్టి కారణమే ఉంది. కోడలు అలిగి వాళ్లక్క ఇంటికి వెళ్లిపోయింది.

ఆ పిల్లది వేరే భాష. అత్తాకోడళ్లకు ఉమ్మడి ఆస్తి నాలుగు ఇంగ్లీషు ముక్కలూ, కోడలు నేర్చుకుంటున్న కాస్త తెలుగూను. పెళ్లయిన కొత్తలోనే, ఏ క్షణం ఎలా ఉంటుందోనని ఇద్దరి పనిచోట్ల కాపలావాళ్ల నంబర్లూ ఇద్దరి ఫోన్లలో ఎక్కించింది బెంగక్క. మొన్న కోడలు రావడం ఆలస్యమైతే ఆ నంబరుకే ఫోను కొట్టింది. కాపలా మనిషి మీటింగులోకి తలుపు తోసుకుని వెళ్లి, అందరి ముందూ "మీరు బతికే ఉన్నారా అని మీ అత్తగారు అడుగుతున్నారమ్మా" అన్నాడట. ఆ రాత్రే కోడలు సంచి సర్దుకుంది.

"నేను పిలిస్తే రాదు. నువ్వే పిలవమ్మా," అని కొడుకు చేతులు దులిపేసుకున్నాడు.

ఫోనులో మాట్లాడితే ఏడుపొచ్చి ఉన్న ఇంగ్లీషు కూడా పోతుంది. అందుకే మధ్యాహ్నం భోజనం డబ్బా మూతైనా తీయకుండా మెసేజీకి కూర్చుంది.

"కమ్ హోమ్ అని కొట్టెయ్యక్కా," అంది బిల్లులు కొట్టే అమ్మాయి.

"కుక్కపిల్లను పిలిచినట్టు లేదూ? అసలే తలవంపులై వెళ్లిపోయిన పిల్ల."

"పోనీ, రిటర్న్ అను."

బెంగక్క వాపసు కౌంటరు మీది 'రిటర్న్స్' బోర్డు చూసింది. చిరుగులూ, మరకలూ, నచ్చని రంగులూ అన్నీ పోగుపడేది ఆ మాట కిందే. "వద్దే తల్లీ. నా కోడలేమన్నా నచ్చక వెనక్కొచ్చిన సరుకా?"

"అయితే విజిట్."

"అది చుట్టపుచూపు కదుటే. కాఫీ తాగి, మళ్లీ సంచి పుచ్చుకుని వెళ్లిపోతే?"

"బాగుంది. రాకముందే సాగనంపేస్తున్నావు."

బెంగక్క ఒక్కో మాటా కొట్టింది, చెరిపింది. ప్లీజ్ తగిలించింది. ఇంట్లో ఎవరో పోయారనుకుంటుందేమోనని అదీ చెరిపింది. మళ్లీ మొదటికొచ్చింది.

ఫోను మోగింది. కోడలు. ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని ఎత్తింది.

"అత్తయ్యా, ఏమైంది?" కోడలు గుక్క తిప్పుకోకుండా అడిగింది. "టైపింగ్, టైపింగ్ అని వస్తుంది. మెసేజ్ రాదు. మళ్లీ టైపింగ్. మీరు పడిపోయారా? పక్కన ఎవరు ఉన్నారు?"

"ఏం కాలేదమ్మా. బాగానే ఉన్నాను."

"నిజం చెప్పండి."

అంతలో షాపు కాపలా మనిషి రొప్పుతూ లోపలికొచ్చాడు. "బెంగక్కా, మీ కోడలు ఇప్పుడే నాకు ఫోను చేసింది. మీరు బతికే ఉన్నారా అని కనుక్కోమంది."

ఆ మాట ఫోనులోంచి అటు వినబడింది. ముందు నవ్వింది కోడలే.

"ఇంతకీ ఏం రాస్తున్నారు, అత్తయ్యా?"

"నిన్ను పిలుద్దామనే. ఏ మాటా నీకు సరిపోలేదు."

"సాయంత్రం ఇంటికి వస్తా. బస్సు ఎక్కి ఫోన్ చేస్తా. దిగి కూడా చేస్తా."

బెంగక్క కళ్లు తుడుచుకుని డబ్బా మూత తీసింది. బిల్లులమ్మాయి కుర్చీ దగ్గరగా లాక్కుంది. "ఇంక హాయిగా తిను."

"తింటాలే," అంది బెంగక్క, ముద్ద కలుపుతూ. "ఆ బస్సు డ్రైవరు ఎలాంటివాడో ఏమిటో."