మైదానం నడుమ కూర్చున్నవాళ్లు

వుడ్‌ల్యాండ్స్ ఫుట్‌బాల్ మైదానంలో లోహిత్ ఒక్కడే కంచె వెంబడి కుంటుతూ పరుగెత్తుతున్నాడు. వాచిన మోకాలికి నొప్పి తెలియకుండా సూది వేయించుకుని మ్యాచ్ ఆడమంటే కాదన్నాడు. వేరే క్లబ్బుకు వదిలేయమన్నాడు. అదే అతని నేరం. ఒప్పందం ముగిసేదాకా ఆడించరు, వదలరు. అతనితో ఎవరూ మాట్లాడకూడదని మేనేజరు గురునాథం హుకుం.

లోహిత్ పడిపోయాడు. గోల్‌కీపర్ గంగాధర్ అటు అడుగు వేయబోయి ఆగిపోయాడు. విజయనగరం నుంచి అతణ్ణి ఈ దేశానికి తెచ్చింది గురునాథమే. ఇక్కడ ఉండి పనిచేయనిచ్చే వర్క్ పాస్ ఈ క్లబ్బు గుప్పిట్లో ఉంది.

బట్టలు మార్చుకునే గదిలో కెప్టెన్ ఫహద్ తలుపు మూశాడు.

"ఇయ్యాల లోహిత్, రేపు మనం. అందరం కల్సి ట్రాన్స్‌ఫర్ అడుగుదాం. ఒక్కణ్ణి ఆపుతరు గానీ టీమ్ మొత్తాన్ని ఎట్ల ఆపుతరు?"

"నీకేటి, ఈ ఊళ్లోనే పుట్టినోడివి," అన్నాడు గంగాధర్. "నా పాస్ పీకేస్తే నేను విమానం ఎక్కేయాల."

"నిజమే భాయ్. నీకే ఎక్కువ పోతది. కానీ నిన్ను పాస్‌తోటి, నన్ను కాంట్రాక్ట్‌తోటి బెదిరించేది ఒక్కడే గదా."

వాదన ముదిరింది. కొందరు తల దించుకుని వెళ్లిపోయారు.

"నా కోసం వద్దు లా," అన్నాడు లోహిత్ ఆ ఊరి యాసలో. "నా కెరీర్ ఫినిష్ అయిపోయింది."

గంగాధర్ లేచాడు. "నీ కోసం కాదురా. పడిపోయినోడి దగ్గరికి ఎల్లడానికి భయపడ్డాను. అలా బతకనేను."

మిగిలినవాళ్లందరూ వెళ్లి ట్రాన్స్‌ఫర్ అడిగారు. గురునాథం నవ్వాడు. "మనవాడివని తెచ్చుకున్నా కదయ్యా గంగాధర్."

"మనోళ్లంటే ఎవులు సార్? లోహిత్ కాడా?"

తర్వాతి మ్యాచ్‌లో విజిల్ మోగింది. బంతి కదల్లేదు. ఫహద్ మైదానం నడుమ కూర్చున్నాడు. ఒకరి తర్వాత ఒకరు కూర్చున్నారు. గంగాధర్ గోల్ విడిచి నడిచివచ్చి లోహిత్‌కు చోటు వదిలి కూర్చున్నాడు. గీత బయటి నుంచి కుంటుకుంటూ వచ్చిన లోహిత్ ఆ చోట్లో కూలబడ్డాడు. ప్రేక్షకులు ఈలలు వేశారు, తిట్టారు. పోలీసులు చేతులు పట్టి లేపేదాకా ఎవరూ కదల్లేదు.

ఫహద్‌ను ఆట నుంచి నిషేధించారు. లోహిత్ మళ్లీ బూట్లు తొడగలేదు. గంగాధర్ పాస్ రద్దయింది.

అతను విమానాశ్రయంలో క్యూలో ఉండగా ఫహద్ ఫోన్ చేశాడు.

"నీ జాగాల కొత్త కీపర్‌ను తెచ్చిన్రు భాయ్. ఆయనది గూడ పాసే."

"ఆడినాడా?"

"లేదు. ఇయ్యాల్టి మ్యాచ్‌ల అందరికన్న ముందుగాల ఆయనే నడుమ కూసున్నడు. అవతలి టీమ్ గూడ వచ్చి పక్కన కూసుంది."