లోతు లేదు, రా

ఈ ఉదయం కూడా నరహరిరావు కారు కిందికి దిగదు. నాలుగు చక్రాలూ వాకిట్లోనే ఉన్నాయి. పైనున్న ఒళ్లు మాత్రం ప్రహరీ దాటి, కరెంటు తీగల సరసన నిలబడి ఉంది. మూడు రోజులుగా ఆయన అందులోనే కూర్చున్నాడు. తలుపు తీస్తే, మెట్టు ఉండాల్సిన చోట పిచ్చుకలు తిరుగుతున్నాయి. భార్య ఇడ్లీ గిన్నెను చేంతాడుకు కట్టి, లాక్కోమని సైగ చేస్తుంది.

అది గాలి మీద నిలబడే బండి. మీట నొక్కితే జానెడు లేస్తుంది, మళ్లీ నొక్కితే గేదె పడుకున్నట్టు మెత్తగా దిగుతుంది. సోమవారం వాగు దగ్గర ఆయన దాన్ని లేపాడు. లేచిన కారులోంచి చూస్తే నీళ్లు సగం చక్రానికే కనబడ్డాయి. వెనక సారంగం, మోపెడ్ మీద కోడిగుడ్ల ట్రేలు కట్టుకుని, దిగాలా వద్దా అని ఒడ్డున ఆగి ఉన్నాడు. నరహరిరావు అవతలి గట్టెక్కి, అద్దం దించి చెయ్యి ఊపాడు. "లోతు లేదు, రా."

ఆ మాట మీద వాగులో దిగిన సారంగం ఇంతవరకూ దొరకలేదు. ఊళ్లో అడిగితే నరహరిరావు, వెనక ఎవరినీ చూడలేదన్నాడు. తాగి పడుంటాడని జనమే తేల్చేశారు.

మెకానిక్ జాఫర్ వచ్చి, చక్రాల మీది రబ్బరు తిత్తులకు చెవి ఆనిస్తాడు.

"గాలి ఎక్కువ కాలే సార్. లోపల ఎవరో ఊపిరి బిగబట్టిన్రు."

"ఎవరు?"

"మీరు పిలిచిన మనిషెవరో నన్నడిగితె ఎట్ల?" అని పనిముట్లు సర్దుకుంటాడు.

మధ్యాహ్నం సారంగం భార్య కనకవ్వ, వాగులో మొగుణ్ణి వెతికిన వెదురు గడ పట్టుకొని వస్తుంది. మూడు నిలువుల దాకా దాని తడి ఆరలేదు. చక్రం పక్కన నిలబెట్టి చూస్తుంది. తడి ఆగినచోటే కారు అడుగు మొదలవుతుంది.

"సారూ, సరిగ్గ గంతనే ఉన్నది."

"ఏంది కనకవ్వా?"

"మా ఆయన పోయిన లోతు. మీరు దాన్ని ఎత్తు అంటున్రు."

ఆయన అద్దం ఎక్కించబోతాడు. ఎక్కదు.

"కల్లు ముట్టక పదేండ్లాయె. తాగుబోతని పేరు వెట్టి పంపుతున్రు. మీరు చెయ్యి ఊపిన్రా, లేదా?"

"ఊపిన."

"నాకినబడ్డది. గోడవతల ఇనబడాలె."

"'లోతు లేదు, రా' అని అన్న," నరహరిరావు గొంతెత్తుతాడు. "నేనే అన్న."

కింద ఎవరో మూడు రోజుల ఊపిరి వదులుతారు. వాగు బురద వాసన, బీడీ వాసన. కారు మెత్తగా దిగుతుంది. నేల తగిలినా ఆగదు. వాకిలి నీళ్లలా విడిపోయి దారి ఇస్తుంది, కనకవ్వ కాళ్లు అద్దం మీదుగా పైకి వెళ్లిపోతాయి.

అడుగున సారంగం మోపెడ్‌కు స్టాండు వేసి కూర్చున్నాడు. గుడ్డు ఒక్కటీ పగల్లేదు. అన్నీ నెమ్మదిగా ఊపిరి తీస్తున్నాయి.

"కూసోండి సారూ," వెనక సీటు తుడుస్తాడు. "ఇది లేవదు, దిగదు."

పైనుంచి కనకవ్వ గడ దిగి, కారు కప్పును తడిమి, కారు దిగి మోపెడ్ వెనక కూర్చున్న నరహరిరావు నెత్తికి తగులుతుంది.

"సప్పుడు చెయ్యకున్రి," అంటాడు సారంగం. "మా ఆమె లోతు సూస్తున్నది."

నరహరిరావు గడ కొనను రెండు చేతులా పట్టుకుంటాడు. "లోతు ఇంకా ఉన్నది," పైకి చెబుతాడు. "దించు." గడ దిగుతూనే ఉంటుంది. దాని కణుపు కణుపుకూ పచ్చటి చిగుళ్లు ఉన్నాయి.