జోలకు బూట్లు

ఆమె అడుగంటిన గిన్నె తోముతుంటే ముందుగదిలోంచి భర్త కేక. "ఇదిగో, ఈ ముక్క ఒకసారి పాడు!"

అతను స్వరకర్త. కూలీల కోసం, జైళ్లలో మగ్గేవాళ్ల కోసం పెద్ద పెద్ద వాద్యబృందాలకు సంగీతం కడతాడు. కట్టిన ప్రతి వరసా ముందు ఆమె చేత పాడిస్తాడు. "నీ నోట పలికితే లోకం నోట పలికినట్టే. ఇంట్లో నాకున్న ప్రజవి నువ్వే" అంటాడు. ఆ ప్రజకు పొయ్యిమీద పాలు పొంగుతుంటాయన్న సంగతి మాత్రం పట్టదు. అత్తగారు ఇంకో మెట్టెక్కి, "మావాడు లోకం కోసం పుట్టాడే. నువ్వు వాడికి వేళకింత వండిపెట్టడానికి పుట్టావు" అంటుంది, ముద్దుచేస్తున్నట్టే.

చేతులు తుడుచుకుని వెళ్లి కాగితం అందుకుంది. కొత్త బృందగానంలో చివరి కవాతు. రెండు వరసలు పాడి ఆపేసింది.

అది ఆమె జోల. నెల తిరక్కుండానే పోయిన పిల్లకు పాడింది. ఎవరూ నేర్పలేదు, ఒళ్లో బరువును బట్టి దానంతటదే పుట్టింది. పిల్లకు పేరు లేదు, ఫోటో లేదు. మిగిలింది ఆ రాగం ఒక్కటే.

"ఇది నాదండీ."

"గిన్నెల దగ్గర కూనిరాగం తీస్తుంటే విన్నాలే. నీదీ నాదీ ఏమిటోయ్! సొంతాస్తి వద్దనేగా ఇన్నాళ్లూ మొత్తుకుంటున్నాం?" నవ్వాడు. "కాస్త చచ్చుగా ఉంటే వేగం పెంచి నిలబెట్టాను."

"పాప జోల అది."

"ఏ పాప?"

అనేశాక గుర్తొచ్చినట్టుంది. కలం మూత పెట్టాడు, తీశాడు. "పోనీ, ఇప్పుడది వెయ్యిమంది నోట బతుకుతుంది. అంతకంటే ఏం కావాలి చెప్పు?"

పెరటిచెట్టు మందుకు పనికిరాదంటారు గానీ, పెరటిపాట ఉద్యమానికి బ్రహ్మాండంగా పనికొచ్చింది. బృందగానం పాడిన సభలో జనం లేచి నిలబడి కాళ్లతో తాళం వేశారు. గుమ్మం దగ్గర ఎవరో అమ్మాయి ఆమె చేతులు పట్టుకుని, "ఎంత అదృష్టమండీ, అలాంటి మనిషి పక్కన బతకడం!" అంది. ఆమె తలూపింది. ఊపక ఏం చేస్తుంది?

మర్నాడు మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, తలుపు గడియపెట్టి ఒళ్లో దిండు పెట్టుకుంది. మెల్లగా జోల ఎత్తుకుంది. మొదటి వరస దాటకముందే కాలు నేలమీద టపటపా కొట్టుకుంది. మోకాలు చేత్తో అదిమింది. కాలు ఆగింది, గొంతు ఉరికింది. మళ్లీ ఎత్తుకుంది. మళ్లీ అదే కవాతు, అవే వెయ్యి బూట్లు. వాటి చప్పుడులో ఏ పిల్ల పడుకుంటుంది?

నోరు మూసుకుంది. చాలాసేపు ఉత్త అరచేత్తో దిండును జోకొట్టింది.

"పడుకో తల్లీ," అంది, మామూలు మాటగా. "అమ్మ ఇంక పాడదు."