లేతు పంపకం

ఊదమన్నారు. ఊదాడు. చాలదు, ఇంకా గట్టిగా ఊదమన్నాడు డాక్టరు. లేతుమామ గొట్టాన్ని పళ్ళతో కరిచిపట్టుకుని కనుగుడ్లు బయటికొచ్చేలా ఊదాడు. పెట్టెలో ముల్లు సగం దాకా కూడా లేవలేదు. దగ్గు మాత్రం లేచింది. ఇనుప రజను మింగీ మింగీ ముదిరిన దగ్గు. అది ఆగేదాకా కూడా ఓపిక పట్టకుండా డాక్టరు గొట్టం కొసను దూదితో తుడిచి వెనకవాణ్ణి రమ్మన్నాడు.

ఇవాళ పొద్దున్నే మొదలైంది ఈ తంతు. పెద్ద షెడ్డులో మిషన్లన్నీ ఆపేసి మనుషుల్ని వరసలో నిలబెట్టారు. ఈ కార్ఖానా కట్టిన పెద్దాయన పోయి ఏడాది తిరక్కుండానే పిల్లలు వేరుపడ్డారు. విమానాలకు విడిభాగాలు చేసే పని పెద్దబాబుకి, కరెంటు కేంద్రాలకు బాయిలర్లు కట్టే పని చిన్నబాబుకి, వంతెనల పని వాళ్ళక్కకి. ఆవిణ్ణి అందరూ అమ్మాయిగారంటారు. భూములు పంచుకున్నారు, షెడ్లు పంచుకున్నారు, క్రేన్లు పంచుకున్నారు. ఇవాళ మనుషుల్ని పంచుకుంటున్నారు.

మూడు బల్లలు వేశారు. బల్లకో రంగు హెల్మెట్లు. నీలం పెద్దబాబువి, ఎరుపు చిన్నబాబువి, పసుపు అమ్మాయిగారివి. నచ్చినవాడి నెత్తిన తమ రంగు పెడతారు. ముగ్గురికీ నచ్చనివాడు పాత హెల్మెట్టు కింద పెట్టి గోడవార నిలబడాలి. సంతలో గొడ్డుకి పళ్ళు చూస్తారు, ఇక్కడ ఊపిరి చూస్తున్నారు. గొడ్డును కొనేవాడు మేత సంగతైనా ఆలోచిస్తాడు.

పెద్దాయన బతికుండగా ఏటా అందరినీ ఈ షెడ్డులోనే కూచోబెట్టి, మనదంతా ఒకటే కుటుంబం అనేవాడు. జీతాలు పెంచమని అడిగినప్పుడల్లా ఆ కుటుంబాన్నే వడ్డించేవాడు. జనం అదే తిని, తేన్చి, ఇళ్ళకు పోయేవాళ్ళు.

అందరికంటే ఎక్కువ తిన్నవాడు లేతుమామ. పెద్దాయన రేకుల పాకలో ఇనుము చెక్కే ఒక్క లేత్ మిషనుతో పని మొదలుపెట్టిననాడు దాని ముందు నిలబడ్డ మొదటి మనిషి ఇతనే. చిన్నబాబుకి సైకిలు నేర్పించిందీ ఇతనే. ఊపిరి చెడ్డాక, బతికున్నన్నాళ్ళు ఆ లేతు దగ్గరే కూచో, క్వార్టరు నీదే అన్నాడట పెద్దాయన. అన్నాడట, అంతే. ఆ మాట విన్న చెవులు రెండూ లేతుమామవే.

అందుకే ఇవాళ చొక్కా ఇస్త్రీ చేయించుకుని అందరికంటే ముందొచ్చి వరస మొదట్లో నిలబడ్డాడు. తనకోసం అన్నదమ్ములు కొట్టుకుంటారేమోనని అతని బెంగ. ఒకరికి సరేనంటే ఇంకొకరికి కోపం రాదా, పెద్దవాణ్ణి కాదని చిన్నవాడి దగ్గరికెలా పోవడం అని దారి పొడుగునా అల్లుణ్ణి సతాయించాడు. అల్లుడు ఇదే కార్ఖానాలో వెల్డరు. పెళ్ళాం బిడ్డలతో మామ క్వార్టరులోనే ఉంటాడు. ఎండగా ఉంది తొందరగా నడువు మామా అన్నాడు.

ముల్లు లేవని మనిషిని పెద్దబాబు చూడను కూడా చూడలేదు. అమ్మాయిగారు ఫోనులో ఉంది. చిన్నబాబు మాత్రం నవ్వాడు.

"ఏం మామా, బాగున్నావా?"

"మీ దయ బాబూ," అని లేతుమామ తల ముందుకు వంచాడు. హెల్మెట్టు పెడతాడనుకున్నాడు. చిన్నబాబు చెయ్యి ఆ తల మీదుగా సాగి వెనకవాడి నెత్తిన ఎర్రది పెట్టింది. కాసేపు లేతుమామ ఆ వంచిన తల ఎత్తలేదు. మేనేజరు వచ్చి భుజం పట్టుకుని గోడవైపు తిప్పాడు.

గోడవార నిలబడ్డవాళ్ళకి క్వార్టరు నెలాఖరు దాకే. రంగు పడ్డవాడికి కొత్త చోట ఒక గది, అదీ భార్యాబిడ్డల వరకే. అత్తమామలు, తల్లిదండ్రులు కుదరదని మేనేజరు పొద్దున్నే చదివి వినిపించాడు. కుటుంబం అంటే ఎంతవరకో పెద్దాయన చెప్పకుండా పోయాడు, పిల్లలు కొలిచి చెప్పారు.

అల్లుడి వంతు వచ్చింది. ముల్లు చివరిదాకా పోయి కొట్టుకుంది. రెండు బల్లల వాళ్ళూ లేచారు. పెద్దబాబు చెయ్యి ముందు పడింది, నీలం హెల్మెట్టు నెత్తికెక్కింది. గోడవార నుంచి లేతుమామ పక్కవాడితో, మావాడే, మా అమ్మాయి మొగుడు అని చెప్పుకోవడం షెడ్డంతా వినబడింది.

మధ్యాహ్నం ముగ్గురికీ భోజనాలొచ్చాయి. నిలబడ్డవాళ్ళ ఎదురుగానే తిన్నారు. చిన్నబాబు ఎముక చప్పరించి, నేల మీద దించిన పాత హెల్మెట్టులో వేశాడు. పళ్ళేనికి చెయ్యి చాపడం బద్ధకమైంది కాబోలు. అది లేతుమామదని గోడవార అందరూ చూశారు.

తిన్న చెయ్యి తుడుచుకునేలోపు పోట్లాట రానే వచ్చింది. లేతుమామ కోసం కాదు, లేతు కోసం.

షెడ్డు మూలన తుప్పు రాకుండా నూనె రాసి ఉంచిన ఆ పాత మిషను ఎవరి వాటాలోనూ రాయలేదు. నాన్న చెయ్యి పడ్డ మిషను, నా ఆఫీసు హాల్లో పెట్టుకుంటానంది అమ్మాయిగారు.

"నాన్న చెయ్యి నా వీపు మీద కూడా చాలాసార్లు పడింది. నన్ను కూడా తీసుకెళ్ళి హాల్లో పెట్టుకుంటావా అక్కా?" అన్నాడు చిన్నబాబు.

పెద్దకొడుకుని నేనుండగా మీరెవరన్నాడు పెద్దబాబు. గొంతులు లేచాయి. ఆస్తులు పంచుకున్నప్పుడు రాని కన్నీళ్ళు అమ్మాయిగారికి ఇప్పుడొచ్చాయి. ఆ మిషను పిడి అరిగింది ఎవరి అరచేతికో ముగ్గురికీ గుర్తు రాలేదు. ఆ అరచెయ్యి గోడకి ఆనుకుని ఉంది.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. మూడు ముక్కలు చేసేద్దామన్నాడు. తల ఒకరికి, నడుం ఒకరికి, తోక ఒకరికి. ఎవరి ముక్క వాళ్ళు అద్దాల పెట్టెలో పెట్టుకుని పక్కన నాన్నగారి ఫోటో పెట్టుకోవచ్చు. ముగ్గురూ పీటముడి విడిపోయినట్టు ఊపిరి పీల్చుకున్నారు. దానికి మాత్రం ఏ డాక్టరూ కొలత పెట్టలేదు.

కోత గ్రైండరు తెప్పించారు. పెద్దబాబు ఏరుకున్న వెల్డరే, లేతుమామ అల్లుడే కొయ్యాలని తీర్మానమైంది. వెల్డరు గ్రైండరు చేతిలోకి తీసుకుని, లేతు దాకా వెళ్ళి, ఆగిపోయాడు.

"కొయ్యి అల్లుడూ," అన్నాడు లేతుమామ గోడవార నుంచి. మధ్యలో దగ్గు. "ఇనుమే గదా. పిల్లల మొహం చూసి కొయ్యి."

"నువ్వూరుకో మామా."

వెల్డరు గ్రైండరును నేల మీద పెట్టాడు. విసరలేదు, పసిపిల్లను దించినట్టు దించాడు. మూడు బల్లల వైపు తిరిగాడు.

"ముగ్గురికీ కావాలని దీన్ని ముక్కలు చేస్తున్నారు. ముగ్గురికీ అక్కర్లేనివాణ్ణి ఏం చేస్తారో ముందు చెప్పండి బాబూ. తర్వాత కోస్తా."

"అది వేరే సంగతి," అన్నాడు పెద్దబాబు.

"నాకు రెండూ ఒకటే సంగతి."

నెత్తిన ఏముందో చూసుకుని మాట్లాడమన్నాడు మేనేజరు. తనే వచ్చి వెల్డరు నెత్తిమీది నీలం హెల్మెట్టు లాక్కుని వరసలోకి చూశాడు. ఇంకా రంగు పడని బక్క వెల్డరొకడు కనబడ్డాడు. ఇద్దరు ఆడపిల్లల తండ్రి, పొద్దుటి నుంచీ వంతు కోసం మెడ చాచుకుని ఉన్నవాడు. మేనేజరు వాడి తలకి హెల్మెట్టు తగిలించి, నేల మీది గ్రైండరు తీసి అందించాడు.

"నువ్వు కొయ్యిరా. ఊదక్కర్లేదు, ఉద్యోగం ఖాయం."

బక్కవాడు లేతు వైపు చూశాడు. గోడ వైపు చూశాడు. చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు. మేనేజరు గ్రైండరు చాచి పట్టుకునే ఉన్నాడు. ఇంకొకరి తలకి సరిపడ్డ హెల్మెట్టు జారి బక్కవాడి కళ్ళ మీదికొచ్చింది. సర్దుకోడానికి కూడా వాడు చేతులు బయటికి తియ్యలేదు.